డైనోసార్ నోవహు ఓడ ఎక్కిందా? పరిణామానికీ క్రైస్తవ విశ్వాసానికీ మధ్య అసలు చిక్కు ఎక్కడుంది

మొన్న వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో చర్చి పెట్టే బైబిల్ తరగతులు) అయిపోయాక మా సండే స్కూల్ టీచరు పిల్లల్ని హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లింది. అంతమందిని ఒక్కతే లెక్కపెట్టుకోలేదని నేనూ తోడు వెళ్లాను. డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడి ఒకడు మెడ వెనక్కి వాల్చి చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: "అక్కా, ఇది నోవహు ఓడ ఎక్కిందా?"

బైబిల్ కథలో జలప్రళయం వచ్చినప్పుడు జంతువులన్నీ జంటలుగా ఎక్కి బతికిన ఓడ అది. మిగతా పిల్లలు నవ్వారు. టీచరు నవ్వలేదు. "ఇంటికెళ్లాక చెప్తా" అని వాణ్ని ముందుకు నడిపించింది. బస్సులో నా పక్కన కూర్చుని, "అన్నా, వాడికేం చెప్పాలి? ఓడలో ఎక్కిందంటే రేపు స్కూల్లో నవ్వుతారు. ఎక్కలేదంటే బైబిల్లో లేదా అంటాడు" అంది.

ఆ అస్థిపంజరం పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన ఎముకలవి. 1988లో దానికి ఆ పేరు పెట్టారు. వయసు 15 కోట్ల ఏళ్ల పైమాటే. మన ఊరి పేరు పెట్టుకున్న ఈ జంతువు, మన ఊరి పిల్లాడి బైబిల్లోకి ఎలా సర్దుకుంటుందన్నదే ప్రశ్న.

ఈ గొడవ మళ్లీ ఎందుకు వినిపిస్తోంది

2018లో అప్పటి కేంద్ర సహాయమంత్రి ఒకరు డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పు అన్నారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం భాగాన్ని తీసేసిందని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పాఠం ఉంది. కానీ పదితో సైన్సు వదిలేసే పిల్లలకు అది అందదు. ఇక అమెరికాలో పరిణామం బోధించినందుకు ఒక స్కూల్ టీచర్‌ని కోర్టుకు లాగిన స్కోప్స్ కేసుకు 2025లో నూరేళ్లు నిండాయి. మన దగ్గర గొడవ పాఠ్యపుస్తకం గురించి, అక్కడి గొడవ బైబిల్ గురించి. వాట్సాప్‌లో మాత్రం రెండూ కలిసిపోయి వస్తాయి.

పరిణామం చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

"మనిషి కోతి నుంచి పుట్టాడా?" అని వెక్కిరించడం తేలిక. సైన్సు చెప్పేది అది కాదు. మీ పెదనాన్న కొడుకు మీకు తాత కాడు, మీ ఇద్దరికీ తాత ఒకడే. చింపాంజీకీ మనకూ ఉన్న చుట్టరికం అలాంటిది. ఆ ఉమ్మడి పూర్వీకులు 60–70 లక్షల ఏళ్ల కిందటివాళ్లని అంచనా.

సంతానంలో చిన్న చిన్న తేడాలు పుడతాయి. వాటిలో కొన్ని ఆ పరిసరాల్లో బతకడానికి, పిల్లల్ని కనడానికి పనికొస్తాయి. అవి తరతరాలకు పెరుగుతాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్నే ప్రకృతి వరణం అన్నారు. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దని డాక్టరు గట్టిగా చెప్పేది కూడా, మందుకు లొంగని బాక్టీరియా మిగిలి పెరుగుతుందన్న భయంతోనే. ఇంతవరకు కట్టర్ సృష్టివాదులు, అంటే దేవుడు జాతుల్ని నేరుగా వేర్వేరుగా చేశాడనేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. బాక్టీరియా మారొచ్చు, కానీ ఒక జాతి ఇంకో జాతి కాదంటారు. ఉమ్మడి పూర్వీకులు అన్నమాట దగ్గరే పేచీ.

దానికి ఆధారాలు శిలాజాలే అనుకుంటాం. నాకు మటుకు ఉసిరికాయ ఉదాహరణ బాగా నచ్చుతుంది. మేక ఉసిరికాయ తినకపోయినా దానికి విటమిన్ సి లోపం రాదు, కాలేయంలో అదే తయారు చేసుకుంటుంది. కుక్కా అంతే, ఎలుకా అంతే. మనకు ఆ శక్తి లేదు. అలాగని ఆ జన్యువు మనలో లేకుండా పోలేదు, ఉంది, కానీ పాడైపోయి ఉంది. చింపాంజీలో, కోతుల్లో కూడా పాడైపోయే ఉంది, పైగా అవే చోట్ల. గినీపిగ్‌లోనూ అది చెడింది గానీ వేరే విధంగా చెడింది. పరీక్షలో ఇద్దరు సరైన జవాబు రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ఇద్దరూ ఒకే లెక్కలో, ఒకే మెట్టులో, ఒకే తప్పు చేస్తే ఇన్విజిలేటర్‌కు విషయం అర్థమవుతుంది.

దీనికి సృష్టివాదుల జవాబు: ఒకే శిల్పి ఒకే రకం భాగాలు వాడాడు, తర్వాత పాపం వల్ల సృష్టి చెడింది. పనిచేసే భాగాల విషయంలో ఈ వాదన కొంత నిలబడుతుంది. విరిగిన భాగం రెండు చోట్లా ఒకే తీరుగా ఎందుకు విరిగిందో చెప్పడం కష్టం.

ఇక "అదొట్టి థియరీ కదా" అన్నమాట. ఇంట్లో మనం థియరీ అంటే ఊహ. సైన్సులో ఎన్నో ఆధారాల్ని ఒక్కచోట ముడివేసే వివరణ. క్రిముల వల్ల జబ్బులొస్తాయన్నదీ ఆ లెక్కన థియరీయే.

పరిణామం చెప్పనివీ ఉన్నాయి. మొట్టమొదటి జీవం ఎలా వచ్చిందన్నది వేరే పరిశోధన. దేవుడున్నాడా లేడా అన్నది అసలు దాని పరిధిలోదే కాదు. డార్విన్ 1879లో ఒకరికి రాసిన ఉత్తరంలో, ఒక మనిషి దేవుణ్ని గట్టిగా నమ్ముతూ పరిణామాన్నీ ఒప్పుకోగలడన్న సంగతిని అనుమానించడం అసంబద్ధం అన్నాడు.

కీర్తనా, స్కానింగ్ రిపోర్టూ

"ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అన్నది క్రైస్తవుడి నమ్మకానికి పునాది. ఎలా సృజించాడన్నది విశ్వాస ప్రమాణంలో లేదు. చర్చిలో ఆదివారం చెప్పుకునే ప్రమాణంలో దేవుడు సృష్టికర్త అని ఉంటుంది. ఎన్నాళ్లలో, ఏ పద్ధతిలో అన్న వాక్యం వెతికినా దొరకదు.

139వ కీర్తన తీసుకోండి. "నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే." కడుపుతో ఉన్న మా చుట్టాలమ్మాయి ఈ వాక్యాన్ని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. అదే ఫోన్ పట్టుకుని ఐదో నెల స్కానింగ్‌కు వెళ్లింది. డాక్టరు స్క్రీన్ మీద వెన్నెముక, గుండె గదులు, వేళ్లు చూపించి వయసు వారాల్లో చెప్పింది. ఒక కణం రెండై, రెండు నాలుగై ఈ పిల్ల తయారవుతోందని ఆ అమ్మాయికి తెలుసు. దేవుడే నిర్మిస్తున్నాడనీ నమ్ముతోంది. రెండు మాటలకీ పొసగదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకూ తోచలేదు. రాజీ కుదురుతుందనే క్రైస్తవుల వాదన మొత్తం ఈ ఉదాహరణలో ఉంది. ఒక బిడ్డను తొమ్మిది నెలల్లో సహజమైన తీరులో నిర్మించే దేవుడు, జాతుల్ని కోట్ల ఏళ్లలో సహజమైన తీరులో నిర్మించకూడదా అంటారు. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండములోనే జంతువుల్ని "భూమి పుట్టించుగాక" అని ఉందని గుర్తుచేస్తారు.

మరి పరిణామంలో అంతా యాదృచ్ఛికం కదా? జన్యువుల్లో మార్పులు అవసరం చూసుకుని రావు అన్నంతవరకే సైన్సులో ఆ మాటకు అర్థం. దాని వెనుక ఏ ఉద్దేశమూ లేదన్నది తత్వశాస్త్రం చెప్పే మాట, మైక్రోస్కోపులో కనిపించేది కాదు. చీట్ల గురించి సామెతల గ్రంథం ఎప్పుడో చెప్పింది: "చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము."

ఈ వాదనకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. కీర్తన కవిత్వం, ఆదికాండము రోజులు లెక్కపెట్టి చెప్తోంది, రెండూ ఒకటెలా అవుతాయని సంప్రదాయవాదులు అడుగుతారు. సహజ కారణాలే సరిపోతున్నప్పుడు దేవుడు అదనంగా చేస్తున్నదేమిటని నాస్తికులు అడుగుతారు. చిత్రమేమిటంటే, ఏదో ఒకటే నిజం కావాలన్న దగ్గర ఈ రెండు వర్గాలూ కలుస్తాయి.

ఆరు రోజుల లెక్క

భూమి వయసు 6,000 ఏళ్లు అని బైబిల్లో ఎక్కడా లేదు. అది కూడికతో వచ్చిన సంఖ్య. ఆదికాండము 5వ అధ్యాయం తీసి మీరే కూడి చూడొచ్చు. ఆదాముకు 130 ఏళ్లప్పుడు షేతు పుట్టాడు, షేతుకు 105 ఏళ్లప్పుడు ఎనోషు, ఎనోషుకు 90 ఏళ్లప్పుడు కేయినాను. ఇలా నోవహు 600వ ఏట జలప్రళయం దాకా కూడితే 1,656 వస్తుంది. ఐర్లండ్‌లోని ఆంగ్లికన్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో ఇలాంటి లెక్కలకు చరిత్ర గ్రంథాల తేదీలు కలిపి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు.

అయితే ఈ లెక్క హీబ్రూ ప్రతిది. తొలినాటి సంఘాల్లో ఎక్కువగా చదివిన ప్రాచీన గ్రీకు అనువాదంలో షేతు పుట్టేటప్పటికి ఆదాముకు 130 కాదు, 230 ఏళ్లు. ఆ ప్రతితో కూడితే ప్రళయం దాకానే దాదాపు 600 ఏళ్లు తేడా వస్తుంది.

రోజుల సంగతీ డార్విన్‌తో మొదలవలేదు. సూర్యుణ్ని నాలుగో రోజున కదా చేశాడు, మరి మొదటి మూడు రోజులకు అస్తమయం, ఉదయం ఎక్కడివని మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ అడిగాడు. బిషప్ అగస్టీన్ ఐదో శతాబ్దం మొదట్లో ఆదికాండము మీద రాసిన వ్యాఖ్యానంలో, ఆ దినాలు మనకు తెలిసిన దినాల్లాంటివి కావన్నాడు. ప్రకృతి గురించి అందరికీ తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు లేఖనాల పేరు చెప్పి తప్పుగా మాట్లాడితే, వినే అవిశ్వాసి నవ్వి పునరుత్థానాన్నీ నమ్మడని హెచ్చరించాడు. సైన్సుకు భయపడి అర్థాలు మార్చేస్తున్నారన్న విమర్శకు ఇది జవాబు. ఆయన కాలానికి భయపెట్టే సైన్సే లేదు.

గోల్కొండ కోటను మోస్తున్న గ్రానైట్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. రాళ్లు ఇలా పాతవిగా కనిపించడాన్ని ఎదుర్కోవడానికి 1857లో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఒక దారి చూపాడు: తల్లి కడుపున పుట్టని ఆదాముకు కూడా బొడ్డు ఉండే ఉంటుంది, అలాగే భూమినీ దేవుడు పాతదిగా కనిపించేలా చేశాడు అని. శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, విశ్వాసులూ ఒప్పుకోలేదు. అదే నిజమైతే దేవుడు రాళ్లలో అబద్ధం రాసినట్టే కదా!

సంఘాలు ఎక్కడ నిలబడ్డాయి

డార్విన్ పుస్తకం రాగానే చర్చి మొత్తం ఎదురు తిరిగిందన్నది నిజం కాదు. హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే నికరమైన క్రైస్తవుడు, అమెరికాలో డార్విన్ తరఫున నిలబడింది ఆయనే. పరిణామాన్ని సమర్థించిన ఫ్రెడరిక్ టెంపుల్ 1896లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. మరోవైపు ప్రిన్స్‌టన్ వేదాంతి చార్లెస్ హాడ్జ్ 1874లో డార్వినిజం అంటే నాస్తికత్వమే అని తేల్చాడు. అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠంలో ఉండే సన్యాసి. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పరిణామ శాస్త్రవేత్తల్లో ఒకడైన డాబ్జాన్‌స్కీ ఆర్థోడాక్స్ క్రైస్తవుడు. మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఇవాంజెలికల్, అంటే బైబిల్‌నే ప్రమాణంగా పట్టుకునే ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు.

కేథలిక్ సభ వైఖరి స్పష్టంగానే ఉంది. 1950లో పోప్ పన్నెండో పయస్ మానవ శరీర పరిణామం గురించి పరిశోధన జరగొచ్చన్నాడు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నాడు. 1996లో రెండో జాన్‌పాల్ పరిణామం ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నాడు. 2014లో ఫ్రాన్సిస్, దేవుడు మంత్రదండం పట్టుకున్న మాంత్రికుడు కాడన్నాడు.

మన చెవిన ఎక్కువగా పడే "ఆరు రోజులు, ఆరు వేల ఏళ్లు" బోధ ఇప్పటి రూపంలో ఊపందుకుంది 1961 తర్వాత, అమెరికాలో. అంతకుముందు ఛాందసులనిపించుకున్న చాలామంది బోధకులు కూడా ఒక్కో దినాన్ని ఒక్కో యుగంగా చదవడానికి ఇబ్బంది పడలేదు. ఇంటెలిజెంట్ డిజైన్ అన్నది వేరే దారి. బాక్టీరియా తోకలాంటి సంక్లిష్టమైన యంత్రాలు మెట్టుమెట్టుగా ఏర్పడలేవు, కాబట్టి వెనుక ఒక బుద్ధి ఉందంటుంది. 2005లో అమెరికాలోని డోవర్ స్కూళ్ల కేసులో ఒక ఫెడరల్ జడ్జి అది సైన్సు కాదని తీర్పిచ్చాడు. క్రైస్తవుల్లోనే కొందరికి దాని మీద ఇంకో అభ్యంతరం ఉంది. తెలియని చోటల్లా దేవుణ్ని కూర్చోబెడితే, తెలిసినకొద్దీ ఆయన్ని లేపాల్సి వస్తుందని.

హైదరాబాద్‌లో ఇవన్నీ ఒకే వీధిలో ఉంటాయి. నేను విన్నంతలో చాలామంది పాస్టర్లు ఈ విషయమే ఎత్తరు. ఎత్తినవాళ్లలో స్వతంత్ర సంఘాలవాళ్లు ఎక్కువ, వాళ్లు చెప్పేది ఎక్కువగా అక్షరార్థమే. పక్కింటి పెద్దాయన దశావతారాల్లో పరిణామం ముందే ఉందంటాడు: చేప, తాబేలు, పంది, నరసింహుడు అని. కొందరు క్రైస్తవులు సృష్టి దినాల్లో బిగ్ బ్యాంగ్‌ను వెతికేదీ ఈ ముచ్చటతోనే. సైన్సు రేపు మాట మార్చుకుంటే రెండు చోట్లా ఇబ్బందే.

అసలు ముడి ఆదాము

భూమి వయసు గొడవ నిజానికి సులువైనది. కోతి గొడవ అంతకన్నా సులువు. గట్టి ముడి బైబిల్లోని రోమా పత్రిక 5వ అధ్యాయంలో ఉంది: ఒక మనుష్యుని ద్వారా, అంటే ఆదాము ద్వారా, పాపం, పాపం ద్వారా మరణం లోకంలో ప్రవేశించాయంటాడు దాన్ని రాసిన అపొస్తలుడు పౌలు. ఆ ఒక్కడి అవిధేయతకు ఎదురుగా క్రీస్తు విధేయతను నిలబెడతాడు. ఆదాము లేకపోతే ఆ పోలిక ఏమవుతుంది?

జన్యుశాస్త్రం చెప్పేది ఇది: ఈనాటి మనుషుల్లో ఉన్న వైవిధ్యం రావాలంటే పూర్వీకులు వేల సంఖ్యలో ఉండాలి. కొన్ని వేల ఏళ్ల కిందటి ఒక్క జంట నుంచి ఇంత వైవిధ్యం రాదు. దీనికి క్రైస్తవులు ఇచ్చే జవాబులు ఒకటి కాదు. ఆదాము అంటే మానవజాతి అని కొందరు. హీబ్రూలో ఆదాము అంటే మనిషి, అదామా అంటే నేల. తెలుగులో మన్ను, మనిషి పక్కపక్కన వినిపించినట్టు. అందరి తరఫునా దేవుడు ఎన్నుకున్న ప్రతినిధి అని ఇంకొందరు. 1950 నాటి పోప్ లేఖ మాత్రం, అనేకమంది ఆదిమానవులన్న మాటను జన్మపాపంతో, అంటే ఆదాము నుంచి అందరికీ వచ్చిన పాపమన్న బోధతో, ఎలా పొసగించాలో కనిపించడం లేదంది.

అమెరికాలో పనిచేసే శాస్త్రవేత్త జాషువా స్వామిదాస్ 2019లో ఇంకో దారి చూపించాడు. అర్థం కావాలంటే ఒక లెక్క వేద్దాం. మీకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అమ్మమ్మలూ నలుగురు, ఆపైన ఎనిమిదిమంది. తరానికి పాతికేళ్ల చొప్పున ముప్ఫై తరాలు వెనక్కి వెళ్తే, 750 ఏళ్లు, అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులు. అక్కడ మీకు 107 కోట్ల పూర్వీకుల స్థానాలుంటాయి. అప్పటికి ప్రపంచ జనాభాయే 40 కోట్లకు అటూఇటూ. అంటే ఒకే మనిషి మీ వంశవృక్షంలో ఎన్నోసార్లు వస్తాడు, మీ పూర్వీకులూ నా పూర్వీకులూ కలిసిపోతారు. మనదగ్గర కులం లోపలే పెళ్లిళ్లు కదా అనొచ్చు. దానివల్ల కలవడం ఆలస్యమవుతుంది గానీ ఆగదు. ఎన్నో తరాల్లో ఒక్క పెళ్లి గీత దాటినా చాలు. కాబట్టి కొన్ని వేల ఏళ్ల కిందటి ఒక జంట ఈనాటి అందరికీ పూర్వీకులు కావడం సాధ్యమేనంటాడు. వాళ్లతో పాటు, వాళ్లకు ముందు కూడా, పరిణామంలో వచ్చిన మనుషులు ఉండొచ్చు. ఆ జంట నుంచి మన రక్తంలో ఒక్క జన్యువూ మిగలకపోయినా వంశం మటుకు ఆ జంటదే. ఇది ఆదాము ఉన్నాడని రుజువు చేయదు. ఉన్నాడంటే సైన్సు కాదనలేదు అన్నంతవరకే. మరి తోటకు బయట ఉన్నవాళ్ల సంగతేమిటి, వాళ్లూ దేవుని పోలికలో చేసినవాళ్లేనా అన్న ప్రశ్న అలాగే ఉంది.

పాపానికి ముందే మరణమా

టీచరు ఆ వారం ఫోన్ చేసింది. "ఓడ కన్నా కోట్ల ఏళ్ల ముందే పోయిందని చెప్పాను అన్నా. 'అయితే ఆదాముకంటే ముందే చచ్చిపోయిందా?' అన్నాడు."

వేదాంతులు వందేళ్లుగా తలపట్టుకున్న చోటికి వాడు రెండో ప్రశ్నలోనే వచ్చేశాడు. మరణం పాపంతో వచ్చిందంటే, పాపం చేసే మనిషే లేనప్పుడు ఆ జంతువు ఎందుకు చచ్చింది? పౌలు అన్నది మనుషుల మరణం గురించే, జంతువుల గురించి కాదన్నది ఒక జవాబు. అది దేవుడికి దూరమయ్యే ఆత్మ సంబంధమైన మరణమన్నది ఇంకొకటి. రెండో శతాబ్దపు బిషప్ ఐరీనియస్ ఆదాముహవ్వల్ని పరిపూర్ణులుగా కాక, ఇంకా ఎదగాల్సిన పిల్లల్లా చూశాడు. పరిణామంతో ఈ చూపు కొంచెం తేలిగ్గా కలుస్తుంది. అక్షరార్థం పట్టుకునేవారికి ఇవేవీ రుచించవు. దేవుడు "చాలా మంచిది" అన్న లోకంలో కోట్ల ఏళ్ల చావులెలా ఉంటాయంటారు. వాళ్లను తేలిగ్గా తీసేయడానికి లేదు, వాళ్లు అడిగేది సరైన ప్రశ్నే.

మా ఇంట్లో కరెంటు మీటరు పైన మొన్న ఒక మట్టిగూడు కనిపించింది, చిన్న కుండలా. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విచ్చుకుంది. లోపల ఆరేడు పచ్చటి గొంగళిపురుగులు. చావలేదు, కదలడం లేదు. ఒకదాన్ని వేలితో తాకితే తోక కొస మటుకు కొద్దిగా వణికింది. భ్రమర కీటక న్యాయం అని మన పెద్దలు చెప్పేది దీన్ని చూసే. గూట్లో ఉన్న పురుగు భ్రమరాన్నే తలచి తలచి భ్రమరమైపోతుందట. నిజానికి కందిరీగ గూట్లో గుడ్డు పెడుతుంది, ఆ పురుగుల్ని కుట్టి కదలకుండా చేసి తెచ్చి అందులో నింపి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని బతికుండగానే తింటుంది. పురుగు భ్రమరం కావడం లేదు, భ్రమరానికి భోజనం అవుతోంది.

1860లో డార్విన్ ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలో ఉన్నది ఇలాంటి కందిరీగే. దయగల సర్వశక్తిమంతుడైన దేవుడు కావాలని దీన్ని సృష్టించాడని నమ్మలేకపోతున్నానన్నాడు. అదే ఏడాది ఇంకో ఉత్తరంలో, ఈ లోకమంతా ఒట్టి యాదృచ్ఛికమనీ అనుకోలేను, ఒక్కొక్కటీ ఉద్దేశపూర్వకంగా చేసిందనీ అనుకోలేను, పూర్తిగా అయోమయంలో ఉన్నానన్నాడు. గ్రే తన విశ్వాసం వదల్లేదు. "సృష్టి యావత్తు" మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని పౌలు రాసిన మాటను ఈనాటి క్రైస్తవ శాస్త్రవేత్తలు ఇక్కడ గుర్తుచేస్తారు. నాస్తికులు ఇదే కందిరీగను చూపించి ఇంక చెప్పేదేముంది అంటారు. పరిణామం లేకపోయినా ఆ పురుగు ఆ గూట్లో ఉండేదే. ప్రశ్న అప్పుడూ దేవుణ్నే అడగాలి.

టీచరుకు ఇదంతా చెప్పాను. "వాడికి పదేళ్లు అన్నా" అంది. చివరికి ఆమె వాడికి, ఈ ప్రశ్న చాలా పెద్దవాళ్లు కూడా అడిగారు, వాళ్లలో దేవుణ్ని నమ్మినవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు అని చెప్పిందట. వాడు కాసేపు ఆలోచించి, మళ్లీ మ్యూజియానికి ఎప్పుడు తీసుకెళ్తావని అడిగాడట.